పైపు అతికించే ముందు పెన్సిల్ గీత

తిరుచానూరు రోడ్డులో మా ఇంటి మేడమీద ట్యాంకు లైను నేనే వేసుకున్నాను. మొదటి ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క, రెండో రోజే కారింది. తప్పు నాదే, పైపు పూర్తిగా లోపలికి పోలేదు.

సీపీవీసీ (వేడినీళ్లకూ తట్టుకునే ప్లాస్టిక్ రకం) ఫిట్టింగు, అంటే పైపులను కలిపే ముక్క, లోపల కొంచెం సన్నబడుతూ పోతుంది. అందుకే పొడిగా పెడితే పైపు మధ్యలోనే ఆగుతుంది, అది మామూలే. సొల్యూషన్, అంటే అతికించే జిగురు, రాశాకే చివరి దాకా దిగుతుంది. కాబట్టి ముందే సాకెట్ (ఫిట్టింగులో పైపు దూరే భాగం) లోతు కొలిచి పైపు మీద పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. కోసిన అంచును ఉప్పుకాగితంతో రుద్ది, గుడ్డతో తుడవండి. పైపుకు బయట ధారాళంగా, ఫిట్టింగు లోపల పల్చగా సొల్యూషన్ రాసి, పావు చుట్టు తిప్పుతూ గీత దాకా తోయండి. అర నిమిషం వదలకుండా పట్టుకోండి, లేదంటే పైపు మెల్లగా వెనక్కి వచ్చేస్తుంది!

మన ఎండలకు మధ్యాహ్నం మేడ మీద ఈ పని పెట్టుకోకండి. తోసేలోపే సొల్యూషన్ ఆరిపోతుంది. పొద్దున్నే చేయండి.

తెల్ల పీవీసీ పైపుకు వాడే డబ్బా సీపీవీసీకి పనికిరాదు, షాపులో అడిగి తీసుకోండి. కుళాయి మరలకు సొల్యూషన్ వద్దు, టెఫ్లాన్ టేపు చాలు. దాన్ని బిగించే వైపుకే చుట్టాలి. నీళ్లు మాత్రం మర్నాడు వదలండి.