సాహిత్య కృతి మీద పరిశోధన వ్యాసం: ప్రశ్న నుంచి చివరి ప్రూఫు దాకా

‘ఫలానా నవలలో స్త్రీ పాత్రలు’, ‘ఫలానా కవి ప్రకృతి వర్ణన’. కాలేజీ వ్యాసాలు చాలావరకు ఇలాంటి శీర్షికతోనే దెబ్బతింటాయి. అందులో విషయం ఉంది, ప్రశ్న లేదు. ప్రశ్న లేకపోతే చేతిలో మిగిలేది కథే. పది పేజీలూ కథాసారాంశంతో నిండిపోతాయి. ఆ కృతిని చదివినవాళ్లకు సారాంశం అక్కర్లేదు.

ప్రశ్న వెతికే ముందు ఏ ప్రతి చదువుతున్నారో తేల్చుకోండి. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఒక విమర్శకుడు తొలి కూర్పు గురించి అన్న మాటను మీరు మలి కూర్పులోని సన్నివేశానికి అంటగడితే వాదన మొత్తం కూలుతుంది. కాబట్టి కూర్పు, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం మొదటి రోజే రాసిపెట్టుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాన్ని చదువుకోవడానికి వాడుకోవచ్చు గానీ, ఉల్లేఖించే ముందు అచ్చు పుస్తకంతో పోల్చి చూడండి. టైపు చేసినప్పుడు అక్షరాలు మారతాయి, ఒక్కోసారి పంక్తులే ఎగిరిపోతాయి.

కృతిని కనీసం మూడుసార్లు చదవాలి. మొదటిసారి ఆగకుండా. రెండోసారి పెన్సిలుతో: ఏ మాట పదేపదే వస్తోంది, ఎవరు మాట్లాడకుండా ఉండిపోయారు, కథనం ఎక్కడ హఠాత్తుగా వేగం పెంచింది అని గుర్తు పెట్టుకుంటూ. ఈ చదువులో మీకు వింతగా తోచిన చోటే ప్రశ్న పుడుతుంది. మూడోసారి ఆ ప్రశ్నకు సంబంధించిన భాగాలు మాత్రమే చదివితే చాలు. విమర్శ గ్రంథాలు రెండో చదువు అయ్యాకే తెరవండి. ముందే తెరిస్తే వాళ్ల కళ్లతోనే చూస్తారు, మీకంటూ చెప్పడానికి ఏమీ మిగలదు.

ఇక అసలు పని, ప్రతిపాదన. మీ వ్యాసం నిరూపించబోయే ఒక్క వాక్యం అది. ‘గిరీశం ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు’ అనేది ప్రతిపాదన కాదు, కాదనేవాళ్లు ఎవరూ లేరు కనుక. ‘గిరీశం వాదనలో పస తగ్గినచోటే అతని ఇంగ్లీషు పెరుగుతుంది’ అంటే అప్పుడు పని మొదలైంది. దీన్ని ఒప్పుకోనివాళ్లు ఉండవచ్చు, నాటకంలోకి వెళ్లి సరిచూడనూ వచ్చు. గిరీశం మాట్లాడే రంగాలన్నీ ఒక పట్టికగా రాసుకోండి: ఎవరితో, ఏం కోరి, ఏ భాషలో. పట్టిక మీ ఊహను సమర్థించకపోతే ప్రతిపాదనను మార్చాలి తప్ప అడ్డొచ్చిన రంగాన్ని దాచకూడదు. అలా అడ్డొచ్చిన రంగాన్ని వ్యాసంలోనే ఎదుర్కొని జవాబు చెప్పడం కంటే బలమైన పేరా మరొకటి ఉండదు.

నోట్సు రాసేటప్పుడు మూడింటిని కలపకండి: పుస్తకంలోని అసలు మాటలు (ఉల్లేఖన చిహ్నాలతో, పేజీ సంఖ్యతో), మీ మాటల్లో తిరిగి రాసుకున్నవి, మీ సొంత ఆలోచనలు. మూడు రంగుల సిరా వాడినా సరే. తెలియకుండా గ్రంథచౌర్యం జరిగేది ఎక్కువగా ఇక్కడే. నెల రోజుల తర్వాత ఏది ఎవరి వాక్యమో గుర్తుండదు.

2,500 మాటల వ్యాసానికి ఐదు నుంచి ఎనిమిది విమర్శ రచనలు సరిపోతాయి. వాటిలో అన్నిటికంటే కొత్తదాని చివర ఉన్న గ్రంథసూచితో మొదలుపెడితే మిగతావాటికి దారి దొరుకుతుంది. ఉపోద్ఘాతం 250 మాటలు దాటనివ్వకండి. రచయిత పుట్టుక, చదువు, బిరుదులు మీ వాదనకు పనికొస్తే తప్ప వద్దు.

ఉల్లేఖనను పేరా చివర వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. ముందు ఎవరు, ఏ సందర్భంలో అన్నారో ఒక్క వాక్యంలో చెప్పండి, తర్వాత ఉల్లేఖించండి, ఆపైన అందులోని ఏ మాట మీ వాదనకు సాక్ష్యమో విప్పండి. ఈ విప్పడం ఉల్లేఖనకు రెండింతలైనా ఉండాలి. పాత్ర అన్నమాటను రచయిత అభిప్రాయంగా రాయకండి. కథలోని సంగతులను ‘అంటాడు’, ‘వెళ్తుంది’ అనీ, రచయిత జీవితంలోని సంగతులను ‘అన్నారు’, ‘వెళ్లారు’ అనీ రాస్తే రెండూ కలగాపులగం కావు.

సూచికల పద్ధతి మీ విభాగం చెప్పినదే పాటించండి. సాహిత్యంలో ఎక్కువగా వాడే ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి తొమ్మిదో కూర్పు 2021లో వచ్చింది. అందులో రచయిత పేరు, పేజీ సంఖ్య వాక్యం చివర కుండలీకరణాల్లో వస్తాయి. నాలుగు పంక్తులు దాటిన వచనాన్ని, మూడు పంక్తులు దాటిన పద్యాన్ని ఉల్లేఖన చిహ్నాలు లేకుండా అర అంగుళం లోపలికి జరిపి విడిగా పెడతారు.

చిత్తుప్రతి అయ్యాక ప్రతి పేరాలోని మొదటి వాక్యాన్ని మాత్రమే వేరే కాగితం మీద వరుసగా ఎత్తి రాయండి. ఆ వాక్యాలను చదివితే వాదన అర్థం కావాలి. రెండు పేరాలను అటూ ఇటూ మార్చినా తేడా తెలియకపోతే వాటి మధ్య ‘కాబట్టి’, ‘అయితే’ అనిపించే సంబంధం ఇంకా ఏర్పడలేదని అర్థం. చివరి రోజు కొత్తగా ఏమీ రాయకుండా, మూల గ్రంథం పక్కన పెట్టుకుని ఉల్లేఖనలన్నీ అక్షరం అక్షరం, పేజీ సంఖ్యతో సహా సరిచూడండి.