గుండు ఫొటో బాగా రావాలంటే

తిరుమలలో పిల్లాడికి పుట్టెంట్రుకలు తీయించాక ఇంటిల్లిపాదీ ఒక ఫొటో దిగడం మామూలే. గుడి లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి, వాటిని డిపాజిట్ చేసేలోపే ఆ పని కానిచ్చేయండి. ఎండలో మాత్రం వద్దు. గుండ్లు తళతళ మెరుస్తాయి, కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, అందరూ కళ్లు చికిలిస్తారు. ఏదైనా వరండాలోకో, గోడ నీడకో రండి. చెట్టు నీడైతే కాస్త చూసుకోవాలి, ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు ముఖాన్ని పాడుచేస్తాయి. గుండుకి గంధం పూశాక తీస్తే మెరుపు చాలావరకు తగ్గుతుంది. ఇంకా మెరుస్తుంటే తెర మీద ముఖాన్ని నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి జరపండి.

జనం ఎక్కువున్నారని వైడ్ లెన్స్ పెట్టకండి. చివర నిలబడ్డ అత్తయ్యలు సాగిపోయి లావుగా కనిపిస్తారు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టాక చివాట్లు మీకే! నాలుగడుగులు వెనక్కెళ్లి మామూలు లెన్స్‌తోనే తీయండి.

పిల్లాణ్ణి ‘ఇటు చూడు, నవ్వు’ అని పదిమందీ పిలిస్తే వాడు ఇంకా ఏడుస్తాడు. తాతయ్యకీ గుండైతే, వాడి చేత ఆ గుండు తడిమించండి. మీరు వాడి కళ్ల ఎత్తుకి కూర్చుని, బటన్ నొక్కుతూ వరసగా తీస్తూ పోండి.