విదేశంలో హాలిడే ఇల్లు కొనాలా? – 3వ పాఠం: ఫ్లాటుకు తక్‌పట్టీ రాద్దాం

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. మీ మనసులో ఉన్న దేశంలో టూరిస్టులకు రోజుల లెక్కన ఇల్లు కిరాయికి ఇవ్వనిస్తారా లేదా అన్నది ముందు తెలుసుకోండి అని. చేసినవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది, ఎన్ని దారులు అక్కడికక్కడే మూసుకుపోతాయో. థాయ్‌లాండ్‌లో విదేశీయులకు మామూలుగా భూమి కొనే హక్కు లేదు, ఒక కండోమినియంలోని (ఫ్లాట్ల సముదాయంలోని) మొత్తం విస్తీర్ణంలో 49 శాతం వరకే వాళ్లు కొనగలరు, అలా కొన్నా 30 రోజులకంటే తక్కువకు ఇస్తే హోటల్ చట్టం అడ్డం వస్తుంది. బార్సిలోనాలో 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబర్ తర్వాత పొడిగించబోమని నగర మేయర్ 2024లోనే చెప్పేశారు. ఏథెన్స్ నడిబొడ్డున ఉన్న కొన్ని ప్రాంతాల్లో 2025 జనవరి నుంచి టూరిస్టు ఇళ్లకు కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అందుకే మనవాళ్లలో ఎక్కువమంది చివరికి దుబాయ్ దగ్గరే ఆగుతారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు దుబాయ్ పోయొచ్చిన మనిషి లేని ఊరు దొరకడం కష్టం కాబట్టి ఆ పేరు వింటే మనకు పరాయిగా అనిపించదు. ఇవాళ్టి లెక్కకు అందుకే దుబాయ్ ఫ్లాటునే తీసుకుంటున్నా.

ముందు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయొద్దాం. మా నాన్న మిర్చి పండించేవాడు. పొద్దున్నే జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం, అయ్యాక ఆ ధర విని యార్డంతా గుసగుసలు మొదలయ్యేవి, మర్నాడు పేపర్లో వచ్చేదీ ఆ ధరే. కానీ అది యార్డుకు వచ్చిన మంచి సరుకుకు పలికిన ధర, అందరి బస్తాలకూ పలికేది కాదు. సాయంత్రం సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు చేతిలో పెట్టే తక్‌పట్టీలో, అంటే అమ్మకం చీటీలో, వేరే కథ ఉండేది. మనకు పడిన ధర, తూకం, తరుగు, అడ్తి, హమాలీ, చాటా కూలీ, దడ్వాయి (తూకం వేసినందుకు), అన్నీ పోయాక కింద మిగిలిన అంకె. నాన్న ఇంటికొచ్చి అమ్మకు చెప్పేది ఆ కింది అంకె ఒక్కటే.

ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని అదే. విదేశీ ఇళ్లు అమ్మే ఎక్స్‌పోలో ఏజెంటు చెప్పే రాబడి శాతం జెండా పాట. మనం తక్‌పట్టీ రాయాలి.

హన్మకొండ సుబేదారి నుంచి ఒక టీచర్ దంపతులు మొన్న నా దగ్గరికి వచ్చారు. నేను ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు వేస్తాను కాబట్టి ఇలాంటివి తెచ్చి చూపిస్తుంటారు. ప్లాటు అమ్మిన డబ్బు చేతిలో ఉంది, బ్రోచర్‌లో "ఏటా 11 శాతం" అని ఉంది, మేడం మొహంలో ఆశ, సార్ మొహంలో టెన్షన్. వాళ్లతో కూర్చుని రాసిన లెక్కనే గుండ్రటి అంకెలు చేసి మీకు చెబుతున్నా. ఇవి నేర్చుకోవడానికి వేసుకున్న అంకెలు, మీ ఫ్లాటుకు మీవి రాసుకోవాలి. ధర 8,00,000 దిర్హమ్‌లు (దుబాయ్ డబ్బు), దిర్హమ్‌కు 24 రూపాయలు అనుకుందాం.

మొదట కొనే ఖర్చు. ఫ్లాటు ధర మీద దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌కు 4 శాతం ఫీజు, అంటే 32,000. ఏజెంటు కమిషన్ 2 శాతం, దానిమీద 5 శాతం వ్యాట్ కలిపి 16,800. రిజిస్ట్రేషన్ ట్రస్టీ ఆఫీసుకు 4,200. టూరిస్టుకు ఇవ్వాలంటే ఖాళీ గోడలు చాలవు, మంచాలు, సోఫా, టీవీ, వంటగది సామాను, పరదాలు, అన్నీ కలిపి 45,000 వేద్దాం. మొత్తం 8,98,000 దిర్హమ్‌లు. మన రూపాయల్లో 2 కోట్ల 15 లక్షల 52 వేలు. బ్రోచర్ శాతాన్ని 8,00,000 మీద లెక్కేస్తుంది, మనం 8,98,000 మీద లెక్కేయాలి, ఎందుకంటే మన జేబులోంచి పోయింది అంత.

ఇక డబ్బు పంపే దారి. ఆర్‌బీఐ వాళ్ల ఎల్ఆర్ఎస్ అనే పథకం కింద ఒక్కొక్కరు ఏప్రిల్ నుంచి మార్చి లోపల రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. మన దగ్గర ఎల్ఆర్ఎస్ అనగానే ప్లాట్ల రెగ్యులరైజేషన్ గుర్తొస్తుంది, ఇది అది కాదు. మన 8,98,000 దిర్హమ్‌లు సుమారు 2,44,500 డాలర్లు, కాబట్టి ఒక్కరి పరిమితిలోనే పడుతుంది. కానీ ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. 2 కోట్ల 5 లక్షల 52 వేల మీద 20 శాతం, అంటే 41 లక్షల 10 వేలు. ఇది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు మన పన్నులో సర్దుకుంటుంది, మిగిలితే వాపసు వస్తుంది, జీతం ఉన్నవాళ్లు ఆఫీసులో చెప్పి టీడీఎస్‌లో కూడా తగ్గించుకోవచ్చు. అయినా పంపే రోజున ఆ 41 లక్షలు చేతిలో ఉండాలి కదా! 2 కోట్ల 15 లక్షలు సిద్ధం చేసుకుని బ్యాంకుకు పోయినవాళ్లకు అక్కడ తెలుస్తుంది ఇంకో 41 లక్షలు కావాలని. భార్యాభర్తలు ఇద్దరూ ఓనర్లుగా ఉండి చెరో సగం పంపితే ఇద్దరికీ 10 లక్షల చొప్పున మినహాయింపు వస్తుంది, టీసీఎస్ 2 లక్షలు తగ్గుతుంది. ఆ రోజు బ్యాంకు ఏ రేటుకు దిర్హమ్ ఇస్తుందో కూడా అడగండి. దిర్హమ్‌కు అర్ధరూపాయి తేడా అంటే ఈ మొత్తం మీద నాలుగున్నర లక్షలు.

హన్మకొండలో ఇల్లు కుదువ పెట్టి లోన్ తీసుకుని పంపొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. పంపొద్దు. ఇలాంటి పెట్టుబడులు బయటికి పంపడానికి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది. క్రెడిట్ కార్డు గీకి బుకింగ్ అమౌంట్ కట్టడం కూడా వద్దు. అక్కడున్న బావ పేరు మీద కొని డబ్బు హుండీలో, అంటే బ్యాంకుతో పని లేని దొంగదారిలో, పంపే ఆలోచన ఎవరికైనా ఉంటే, దయచేసి ఇక్కడే ఆపేయండి. ఇల్లు మీది కాకుండా పోతుంది, కేసు మాత్రం మీదవుతుంది.

ప్లాటు అమ్మిన డబ్బు అన్నాను కదా, అక్కడ ఇంకో మాట. ప్లాటు అమ్మిన లాభంతో ఇల్లు కొంటే దొరికే పన్ను మినహాయింపు భారతదేశంలో కొన్న ఇంటికే వర్తిస్తుంది. దుబాయ్ ఫ్లాటుకు రాదు. ఈ ఒక్క విషయం సార్‌కు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు పాఠం. బ్రోచర్ లెక్క ఏమిటంటే రాత్రికి సగటున 400 దిర్హమ్‌లు, ఏడాదిలో 220 రాత్రులు, మొత్తం 88,000. దాన్ని 8,00,000తో భాగిస్తే 11 శాతం. లెక్కలో తప్పు లేదు. కానీ ఆ 220 ఎక్కడి నుంచి వచ్చింది?

మేడారం జాతర గుర్తు తెచ్చుకోండి. రెండేళ్లకోసారి ఆ నాలుగు రోజులు హన్మకొండ, కాజీపేట లాడ్జీల్లో గది దొరకదు, దొరికినా మామూలు రేటుకు దొరకదు. అదే గది మామూలు ఎండాకాలంలో ఏ రేటుకు పోతుందో, ఎన్ని రోజులు తాళం వేసి ఉంటుందో లాడ్జి ఓనరును అడగండి. దుబాయ్‌లోనూ అంతే, నవంబర్ నుంచి మార్చి దాకా వాతావరణం బాగుంటుంది, టూరిస్టులు వస్తారు, రేటు వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా 40 డిగ్రీలు దాటిన ఎండ. రంజాన్ నెల ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది, ఆ నెల సీజన్‌లో పడితే బుకింగులు మందగించవచ్చు. కాబట్టి ఏడాది సగటు చెప్తే ఒప్పుకోవద్దు, నెలవారీగా అడగండి.

సరే, ఈ లెక్కకు 220 ఒప్పుకుందాం, 88,000 వచ్చాయనే అనుకుందాం. తక్‌పట్టీ మొదలు. బుకింగ్ యాప్ కమిషన్ 15 శాతం అనుకుంటే 13,200 పోయింది. మిగిలిన దానిలో అక్కడ తాళం ఇచ్చి పుచ్చుకునే, దుప్పట్లు మార్పించే మేనేజ్‌మెంట్ కంపెనీకి 20 శాతం, అంటే 14,960. బిల్డింగ్ సర్వీస్ ఛార్జీలు, 600 చదరపు అడుగులకు అడుగుకు 15 చొప్పున 9,000. కరెంటు, నీళ్లు, ఏసీ, ఇంటర్నెట్ నెలకు 800 వేసుకుంటే 9,600. హాలిడే హోమ్ పర్మిట్, ఇన్సూరెన్స్, చిన్న రిపేర్లు 4,000. సామాను ఆరేళ్లకు పాడవుతుంది కాబట్టి ఏటా 7,500. దీన్ని చాలామంది రాయరు, కానీ రోజుకో కుటుంబం వచ్చిపోయే ఇంట్లో సోఫా మన ఇంట్లోలా పదిహేనేళ్లు ఉండదు. అన్నీ తీసేస్తే కింద 29,740 దిర్హమ్‌లు మిగులుతాయి. అంటే 7 లక్షల 14 వేల రూపాయలు, పెట్టిన 8,98,000 మీద 3.3 శాతం.

11 దగ్గర మొదలై 3.3కు వచ్చాం, ఇంకా పన్ను కట్టలేదు.

ఇక్కడొక చిన్న కిటుకు నేర్చుకోండి, ఏ దేశానికైనా పనికొస్తుంది. ఖర్చులను రెండు కుప్పలు చేయండి, మనిషి వస్తేనే పోయేవి, రాకపోయినా పోయేవి. రాత్రికి 400లో కమిషన్లు పోగా మనకు మిగిలేది 272. మనిషి రాకపోయినా పోయేవి సర్వీస్ ఛార్జీ, కరెంటు కనెక్షన్ వగైరా, పర్మిట్, సామాను, కలిపి 30,100. (కరెంటు కొంత వాడకాన్ని బట్టి తగ్గుతుంది, మనం జాగ్రత్తకు మొత్తం వేసుకున్నాం.) 30,100ను 272తో భాగిస్తే 111. అంటే ఏడాదిలో 111 రాత్రులు నిండే దాకా మీరు ఎదురు కడుతున్నట్టే.

అదే ఫ్లాటును సామాను పెట్టకుండా ఏడాది కిరాయికి ఒక కుటుంబానికి ఇస్తే? కిరాయి 60,000 అనుకుందాం. సర్వీస్ ఛార్జీ 9,000, చూసుకునేవాళ్లకు 3,000, రిపేర్లు 2,000 పోతే 46,000. కరెంటు, నీళ్ల బిల్లు కిరాయిదారే కడతాడు. సామాను ఖర్చు లేదు కాబట్టి పెట్టుబడి 8,53,000, రాబడి 5.4 శాతం. హాలిడే హోమ్ ఆ 46,000 తేవాలంటే ఎన్ని రాత్రులు నిండాలి? 46,000కు 30,100 కలిపి 272తో భాగించండి. 280 రాత్రులు. ఈ అంకె చూశాక మేడం చాలాసేపు మాట్లాడలేదు.

పన్ను సంగతి. మనం ఇక్కడ నివాసులం కాబట్టి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ చూపాలి. దుబాయ్‌లో వ్యక్తుల కిరాయి ఆదాయం మీద పన్ను లేదు, కాబట్టి "అక్కడ కట్టాను, ఇక్కడ తగ్గించండి" అనడానికీ ఏమీ లేదు. ఇంటి ఆదాయం కింద చూపితే స్థానిక పన్నులు పోను 30 శాతం తగ్గిస్తారు తప్ప యాప్ కమిషన్, మేనేజ్‌మెంట్ ఖర్చు విడిగా తగ్గించరు. అంటే వచ్చిన 88,000 దిర్హమ్‌లలో, మన రూపాయల్లో 21 లక్షల 12 వేలలో, 14 లక్షల 78 వేలు పన్ను పడే ఆదాయం, చేతికొచ్చింది మాత్రం 7 లక్షల 14 వేలు! 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు సెస్సుతో కలిపి 4 లక్షల 61 వేలు పన్ను, మిగిలేది రెండున్నర లక్షలు. రోజుల లెక్కన సేవలతో కలిపి ఇస్తున్నాం కాబట్టి వ్యాపార ఆదాయంగా చూపితే ఖర్చులు తగ్గించుకుని మిగిలిన దానిమీదే పన్ను కట్టొచ్చు, అప్పుడు 4 లక్షల 90 వేల దాకా మిగులుతుంది. మీ పరిస్థితికి ఏది నిలబడుతుందో కొనే ముందే సీఏతో తేల్చుకోండి, కొన్నాక కాదు. ఎలా చూపినా రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపడం తప్పదు. దాచితే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు.

మన వైపు నిలబడే విషయం ఒకటుంది, అదీ చెప్పాలి. దిర్హమ్ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. 2014లో సుమారు 16.5 రూపాయలున్న దిర్హమ్ 2024కు సుమారు 23 అయింది. కిరాయి పెరగకపోయినా రూపాయల్లో పెరిగినట్టు కనిపించేది అందుకే. కానీ అదే 2014 నుంచి 2020 దాకా దుబాయ్‌లో ఇళ్ల ధరలు పడుతూ వచ్చాయి. కాబట్టి దీన్ని తక్‌పట్టీలో కలపొద్దు, పక్కన వేరే కాగితం మీద రాయండి. అమ్మేటప్పుడు ఆ రూపాయి లాభం మీద కూడా పన్ను ఉంటుంది, అది నాలుగో పాఠంలో చూద్దాం.

ఈ వారం పని. మీకు నచ్చిన ఒక ఫ్లాటు తీసుకుని రెండు కుప్పల ఖర్చు రాసి, ఎదురు కట్టకుండా ఉండాలంటే ఎన్ని రాత్రులు కావాలి, ఏడాది కిరాయిని దాటాలంటే ఎన్ని కావాలి, ఈ రెండు అంకెలు తేల్చండి. తర్వాత అమ్మేవాళ్లను ఒక్కటే అడగండి: అదే బిల్డింగ్‌లో మీరు ఇప్పటికే నడుపుతున్న ఒక ఫ్లాటుకు పోయిన జులై, ఆగస్టు నెలల్లో ఓనరు ఖాతాలో ఎంత వేశారో ఆ స్టేట్‌మెంట్ చూపించండి అని. పేరు కొట్టేసి ఇచ్చినా ఫర్వాలేదు. టీచర్ సార్ అడిగి మూడు వారాలైంది. ఏజెంటు ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి ఆఫర్ ఈ నెలాఖరు దాకేనని చెప్పాడట, స్టేట్‌మెంట్ మాత్రం ఇంకా రాలేదు.