మొబిలిటీ స్కూటర్ మొదటిరోజే మొండికేస్తే

మొబిలిటీ స్కూటర్ అంటే నడవడం కష్టమైనవాళ్లు కూర్చుని నడిపే బ్యాటరీ బండి. కీ తిప్పారు, లైట్లు వెలిగాయి, హ్యాండిల్ దగ్గరుండే నడిపించే లివర్ నొక్కారు, బండి అంగుళం కూడా కదల్లేదు. అప్పుడే పాడైందని తేల్చేయకండి. మొదటిరోజు వచ్చే ఇబ్బందులు చాలావరకు మనకు అలవాటు లేకపోవడం వల్ల వచ్చేవే.

లైట్లు వెలుగుతాయి, బండి కదలదు

ముందు వెనకాల మోటార్ దగ్గరుండే ఫ్రీవీల్ లివర్ చూడండి. బండిని చేత్తో తోయడానికి దాన్ని తీస్తారు, మళ్లీ వేయడం మర్చిపోతారు. కీ ఆపి, లివర్‌ను డ్రైవ్ వైపుకు మార్చి, మళ్లీ కీ ఆన్ చేయండి. అన్నట్టు, ఏటవాలు చోట ఆ లివర్ జోలికి అసలు వెళ్లకండి, ఫ్రీవీల్‌లో ఉంటే బండిని పట్టి ఉంచే బ్రేకు పనిచేయదు.

అది సరిగ్గానే ఉంటే ఛార్జర్ వైరు తగిలించే ఉందేమో చూడండి, చాలా మోడళ్లు ఛార్జింగ్‌లో ఉండగా కదలవు. నడిపించే లివర్ నొక్కి పట్టుకుని కీ తిప్పినా మొరాయిస్తుంది. ఇవేవీ కాకుండా బీప్ బీప్ అంటుంటే ఎన్నిసార్లు అంటోందో లెక్కపెట్టి, బండితో వచ్చిన పుస్తకంలో ఆ అంకె దగ్గర ఏముందో చదవండి.

లైట్లే వెలగవు

బ్యాటరీ పెట్టె పూర్తిగా కూర్చుందో లేదో నొక్కి చూడండి. చిన్న రీసెట్ బటన్ బయటికి పొడుచుకొచ్చి ఉంటే ఒక నిమిషం ఆగి లోపలికి నొక్కండి. మళ్లీ మళ్లీ బయటికొస్తుంటే మాత్రం మెకానిక్ పనే.

ఆపుదామంటే ఇంకా ముందుకు దూకింది

అసలు భయపెట్టేది ఇదే. మామూలు స్కూటర్ నడిపినవాళ్లకి గాభరా పడితే పిడికిలి బిగించడం అలవాటు, చేతికింద బ్రేకు ఉంటుంది కాబట్టి. ఇక్కడ చాలా మోడళ్లలో చేతికింద ఉండేది నడిపించే లివరే. నేను మొదటిసారి ఎక్కినప్పుడు గోడ రెండడుగుల దూరంలో ఉందనగా కంగారుపడి హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను, బొటనవేలు లివర్ మీదే ఉండిపోయింది, బుట్ట వెళ్లి గోడకి కొట్టుకుంది. చెయ్యి తెరిచి ఉంటే అక్కడే ఆగేది. ఎందుకంటే లివర్ వదలగానే మోటారే వేగం తగ్గిస్తుంది, ఆగాక కరెంటుతో నడిచే బ్రేకు దానంతటదే పడుతుంది.

కాబట్టి ఖాళీ స్థలంలో, వేగం నాబ్‌ను తాబేలు బొమ్మ వైపు, అంటే తక్కువ వేగానికి తిప్పి, "వదులు" అనుకుంటూ ఓ ఇరవైసార్లు కదిలి ఆగండి. వేళ్లకి అలవాటయ్యేదాకా కుందేలు బొమ్మ వైపు, అంటే ఎక్కువ వేగానికి పోవద్దు. గతుకులు గతుకులుగా కదులుతోందన్నా మందు ఇదే, నాబ్ తగ్గించి లివర్‌ను మెల్లగా నొక్కడం.

మలుపులో ఒక పక్కకి లేస్తోంది

మూడు చక్రాల బండ్లలో ఇది ఎక్కువ. వేగంగా తిప్పడం వల్లే. మలుపుకి ముందే వేగం తగ్గించండి, తిరుగుతూ కాదు. వాలు మీద అడ్డంగా పోకండి, నేరుగా ఎక్కండి, ఎక్కేటప్పుడు ఒళ్లు కాస్త ముందుకు వంచండి.

ఎత్తు ఎక్కుతుంటే బ్యాటరీ ముల్లు పడిపోతోంది

ఎక్కేటప్పుడు మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ కాసేపు పడుతుంది, చదును నేల మీదికి రాగానే ముల్లు కొంత పైకి వస్తే కంగారు లేదు. రాకపోతే బండిని వెనక్కి తిప్పండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే రాత్రంతా ఛార్జింగ్ పెట్టాలి, గంట పెట్టి తీసేస్తే దారిలో టెన్షన్ తప్పదు.

దిగుతుంటే దానంతటదే కదిలింది

కీ ఆపకుండా దిగారు. చేతిసంచి పట్టీ లివర్‌కి తగిలినా చాలు. కీ తీసి, సీటు తిప్పి, టక్ మని లాక్ పడిన చప్పుడు విన్నాకే లేవండి.