పగటి కునుకు నేర్చుకుందాం – 3వ పాఠం: లేవడం

మొదటి వారం ఏమీ మార్చకుండా, పగలు ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో నోటుపుస్తకంలో రాసుకోమన్నాను. రెండో వారం ఆ కునుకును మధ్యాహ్నం ఒంటిగంటకీ మూడింటికీ మధ్యకు తెచ్చుకోమన్నాను. ఆ వేళకి ఒంట్లో ఉండే గడియారమే కాస్త మందగిస్తుంది. అన్నం తినని రోజు కూడా కళ్ళు బరువెక్కేది అందుకే. ఈ రెండు వారాలూ చేయనివాళ్ళు ముందు అవి పూర్తిచేసి రండి. నోటుపుస్తకం లేకుండా ఈ పాఠం చదివితే పెద్దగా ఉపయోగం ఉండదు.

ఈ వారం లేవడం నేర్చుకుంటాం. నిద్ర పట్టడానికి చిట్కాలు అందరూ చెబుతారు, నిద్రలోంచి బయటికి రావడం గురించి ఎవరూ చెప్పరు. ప్రభుత్వాసుపత్రిలో 31 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. రిటైరయ్యాక మా అమ్మను తొమ్మిదేళ్ళు దగ్గరుండి చూసుకున్నాను. అరవై దాటినవాళ్ళకి పగటి నిద్ర మేలు చేస్తుందా, చెరుపు చేస్తుందా అన్నది దాంట్లోంచి ఎప్పుడు లేచారు, ఎలా లేచారు అన్నదాని మీదే చాలావరకు ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది.

అమ్మకి 76 ఏళ్ళప్పుడు జరిగింది చెబుతాను. మే నెల. అన్నం తిని రెండున్నరకి నవారు మంచం మీద నడుం వాల్చింది. రాత్రి సరిగా నిద్రపోలేదు పాపం, పడుకోనీ అని మేమెవ్వరం లేపలేదు. ఐదున్నరకి లేచింది. కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండ చూసి తెల్లవారిందనుకుంది. బ్రష్షు మీద పేస్టు వేసుకుని వాకిట్లోకి వచ్చి, "ఇంకా ముగ్గెయ్యలేదేమే? పాలబ్బాయి రాలేదా?" అని అడిగింది. ఇది సాయంత్రం అమ్మా అన్నాను. నా మొహంలోకి చూసింది, గోడ గడియారం వంక చూసింది, మళ్ళీ నన్ను చూసింది. చేతిలో బ్రష్షు అలాగే ఉంది. ఇంకేమీ మాట్లాడకుండా వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఆ రాత్రి అన్నం దగ్గర మెల్లగా అడిగింది, "నాకు మతి పోతోందా?" అని.

ఆవిడకి మతి పోలేదు. అది నిద్రమత్తు. మీ ఇళ్ళలోనూ ఇలా జరిగే ఉంటుంది, కాకపోతే ఆ మాట బయటికి చెప్పుకోవడానికి పెద్దవాళ్ళు సిగ్గుపడతారు, భయపడతారు. ఆ భయం తీరాలంటే నిద్ర లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

నిద్రని దిగుడుబావి అనుకోండి. మొదటి మెట్ల మీద మాగన్నుగా ఉంటుంది. ఫ్యాను చప్పుడు, వీధిలో కూరగాయల బండి కేక, అన్నీ వినపడుతూనే ఉంటాయి. ఎవరైనా పిలిస్తే "నేను పడుకోలేదే" అంటాం. ఇంకొన్ని మెట్లు దిగితే అసలు కునుకు. చప్పుళ్ళు ఆగిపోతాయి, ఒళ్ళు వదులవుతుంది. కాసేపు పడుకుని లేచాక కళ్ళు తేటగా, మనసు తేలిగ్గా అనిపించేది ఇక్కడి నుంచి వెనక్కి వస్తేనే. దాదాపు అరగంట దాటాక ఒళ్ళు బావి అడుగుకు, గాఢనిద్రలోకి జారడం మొదలవుతుంది. అక్కణ్ణుంచి లేపితే మెదడు ఒక్కసారిగా మెలకువలోకి రాదు. తల బరువు, నోరు పిడచగట్టడం, విసుగు, ఏ పూటో తెలియకపోవడం, అడుగు తడబడటం, ఇవన్నీ అప్పుడే. ఈ మత్తు పావుగంటలో తగ్గచ్చు, ఒక్కోసారి అరగంట పైనే ఉండచ్చు.

వయసు మీద పడ్డాక గాఢనిద్ర తగ్గిపోతుంది కదా, ఇక అడుగుకు ఎలా వెళతాం అనే సందేహం మీకు రావచ్చు. తగ్గేమాట నిజమే. కానీ రాత్రి నిద్ర చాలనినాడు ఒళ్ళు ఆ బాకీ తీర్చుకోవడానికి తొందరగా కిందికి దిగిపోతుంది. అంటే, ఎక్కువసేపు పడుకోవాలని మనకి బాగా అనిపించే రోజునే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

రెండో నష్టం రాత్రిపూట బయటపడుతుంది. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది పేరుకునే కొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. నిద్రపోతే తగ్గిపోతుంది. సాయంత్రం నాలుగింటికి ప్లేటు నిండా పునుగులు తింటే రాత్రి అన్నం సహించదు కదా, ఇదీ అంతే. రెండు గంటలు పగలు పడుకున్నవాళ్ళకి రాత్రి పదింటికి నిద్ర ఆకలి ఉండదు. పన్నెండు దాకా దొర్లుతారు, మూడింటికి లేస్తారు, మర్నాడు పగలు మళ్ళీ పడుకుంటారు. మీ నోటుపుస్తకంలో ఈ చక్రం కనిపిస్తోందేమో చూడండి. పగలు గంట పైన పడుకున్న రోజుల పక్కన ఎర్ర పెన్నుతో గీత పెట్టి, ఆ రాత్రి ఎన్నింటికి నిద్రపట్టిందో కలిపి చదవండి. నేను చెప్పేదానికన్నా ఆ పేజీయే మీకు బాగా చెబుతుంది.

కొందరి పుస్తకంలో మధ్యాహ్నం ఏమీ ఉండదు, అయినా రాత్రి నిద్ర ఉండదు. వాళ్ళు రాత్రి ఎనిమిదింటి వేళ సంగతి చూసుకోవాలి. టీవీ ముందు సోఫాలో సీరియల్ నడుస్తుండగా పట్టే కునికిపాట్లు కూడా నిద్రే. పడక మీద కాదు కాబట్టి లెక్కలోకి రాదనుకుంటాం. నా దృష్టిలో మధ్యాహ్నం గంట నిద్ర కన్నా రాత్రి ఎనిమిదింటి పావుగంట చేటు. ఆ వేళకి లేచి నాలుగడుగులు వేయండి, మర్నాటికి చిక్కుళ్ళు ఒలవండి, మనవలతో మాట్లాడండి. కూర్చోవడం మాత్రం వద్దు.

ఎంతసేపు

20 నిమిషాలు. నిద్ర పట్టడానికి ఇంకో 10 కలుపుకుని, పక్క మీద వాలినప్పటి నుంచి 30 నిమిషాలకి అలారం పెట్టుకోండి. నిద్ర పట్టకపోయినా ఆ అరగంట కళ్ళు మూసుకుని పడుకోండి, అలారం మోగగానే లేవండి. పట్టలేదు కాబట్టి ఇంకో అరగంట అని పొడిగించకండి.

20 నిమిషాలేం సరిపోతుందనే అనుమానం నాకూ ఉండేది. నైట్ డ్యూటీలో రెండింటికీ మూడింటికీ మధ్య ఒకరి తర్వాత ఒకరం కుర్చీలో కాసేపు తల వాల్చేవాళ్ళం. ఆ కాస్తకే తెల్లవారే దాకా ఇంజెక్షన్లు తడబడకుండా ఇవ్వగలిగేవాళ్ళం. దూరప్రయాణపు విమానాలు నడిపే పైలట్ల మీద అమెరికాలో నాసా చేసిన పరిశీలన 1994లో వెలువడింది. వాళ్ళకి 40 నిమిషాల విశ్రాంతి ఇస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. విశ్రాంతి లేనివాళ్ళ కన్నా వాళ్ళు చురుగ్గా ఉన్నారని తేలింది. విమానం నడిపేవాళ్ళకి సరిపోయింది మనకీ సరిపోతుంది.

ఇప్పుడు రెండు గంటలు పడుకుంటున్నవాళ్ళు ఒక్కరోజులో 20 నిమిషాలకి దిగకండి. నాలుగు రోజులకోసారి పావుగంట తగ్గించుకుంటూ రండి. జ్వరం వచ్చి తగ్గినప్పుడు, ప్రయాణం చేసి వచ్చినప్పుడు ఒళ్ళు అడిగినంత పడుకోండి, అప్పుడు లెక్కలు వద్దు.

పగటి నిద్ర శాస్త్రం ఒప్పుకోదని నన్ను చాలామంది అడిగారు. చరకసంహితలో పగటి నిద్ర కఫాన్ని పెంచుతుందని ఉన్నమాట నిజమే. అదే చోట గ్రీష్మంలో పడుకోవచ్చనీ, ముసలివాళ్ళకీ పిల్లలకీ ఏ కాలంలోనైనా మినహాయింపు ఉందనీ కూడా ఉంది. కూర్చుని తీసే కునుకుని వేరుగా చెప్పి, దానికి ఆ దోషం లేదన్నారు. హైదరాబాదు పాతబస్తీలో జొహర్ నమాజు తర్వాత కాసేపు ఒరిగే అలవాటుని ఖైలూలా అంటారు. మన పల్లెల్లో వామకుక్షి అంటారు. ఎవరి మాటల్లో వాళ్ళు మధ్యాహ్నపు విశ్రాంతికి చోటిచ్చారు. కాబట్టి సోమరితనం అని ఎవరైనా అంటే మనసులో పెట్టుకోకండి.

అలారం

మన ఇళ్ళలో పెద్దవాళ్ళని ఎవరూ లేపరు. మనవరాలికి చెప్పి పడుకుంటాం, అది వచ్చి చూసి, హాయిగా నిద్రపోతోంది నాన్నమ్మ అని తలుపు దగ్గరకి వేసి వెళ్ళిపోతుంది. ప్రేమే, కానీ సాయం కాదు. అందుకే ఫోనులోనే పెట్టుకోండి.

ఫోను గదికి అవతల పెడితే లేవక తప్పదు అని కుర్రవాళ్ళకి చెప్పే సలహా మీరు పాటించవద్దు. మోత ఆపడానికి పరిగెత్తి పడిపోతారు. చేతికి అందేంత దూరంలో, కళ్ళజోడు పక్కనే పెట్టుకోండి. గుండె దడదడలాడే మోత కాకుండా మెల్లగా మొదలై పెరిగే ట్యూన్ ఎంచుకోండి. అది చేతకాకపోతే పిల్లల్ని ఒక్కసారి అడగండి, రెండు నిమిషాల పని.

మంచం దిగడం

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. తుంటి విరిగి, మణికట్టు విరిగి మా వార్డుకి వచ్చిన పెద్దవాళ్ళని ఎలా పడ్డారమ్మా అని అడిగితే మళ్ళీ మళ్ళీ విన్న జవాబు ఒకటే: "బెల్లు మోగింది, గబుక్కున లేచాను."

పడుకున్న మనిషి నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. వయసులో ఉన్నప్పుడు రక్తనాళాలు వెంటనే బిగుసుకుని సర్దుకుంటాయి. పెద్దయ్యాక అది ఆలస్యమవుతుంది, బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వేసుకునేవాళ్ళకి ఇంకా ఎక్కువ. దీనికి తోడు, అన్నం తిన్న రెండు గంటల లోపు రక్తం పొట్టవైపు మళ్ళడం వల్ల కొందరు పెద్దవాళ్ళకి బీపీ పడిపోతుంది. మధ్యాహ్నపు కునుకు లేచే వేళకి ఈ రెండూ కలుస్తాయి, పైన నిద్రమత్తు.

అలారం ఆపి, కళ్ళు తెరిచి, అలాగే పడుకునే రెండు పాదాలూ కిందికీ పైకీ 15 సార్లు ఆడించండి. పిక్కలు బిగుసుకోవాలి, అప్పుడే రక్తం పైకి వస్తుంది. గుప్పిళ్ళు మూసి తెరవండి. ఒక పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు మంచం కిందికి జార్చి, మోచేయి ఆసరాతో లేచి కూర్చోండి. వెల్లకిలా ఉన్నవాళ్ళు అమాంతం లేవకూడదు. మంచం అంచున పాదాలు నేలకి ఆనించి ఒక నిమిషం కూర్చోండి. కళ్ళజోడు పెట్టుకోండి. పక్కన మూత పెట్టి ఉంచుకున్న గ్లాసులో నీళ్ళు నాలుగు గుక్కలు తాగండి. ఇవాళ ఏ వారమో మనసులో అనుకోండి. అమ్మకి నేను ఇదే నేర్పాను. "బుధవారం మధ్యాహ్నం" అని పైకి అనేది. మళ్ళీ ఎప్పుడూ సాయంత్రం బ్రష్షు పట్టుకోలేదు.

ఆ తర్వాత కుర్చీనో గోడనో పట్టుకుని నిలబడి 20 లెక్కపెట్టండి. కళ్ళు బైర్లు కమ్మితే వెంటనే కూర్చోండి. ఏమీ లేకపోతే నడవండి. ఈలోగా కాలింగ్ బెల్లు మోగుతుంది, మోగనివ్వండి. కొరియర్ అబ్బాయి మళ్ళీ వస్తాడు.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఈ వారం ఒక్కసారి చూడండి. 5 నిమిషాలు పడుకుని ఒకసారి, నిలబడిన 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకి ఇంకోసారి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆ అంకెలు రాసుకెళ్ళి మీ డాక్టరుకి చూపించండి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు లేచేసరికి చెమటలు, వణుకు, అయోమయం ఉంటే దాన్ని నిద్రమత్తు అనుకోవద్దు. షుగర్ చూడండి, 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకి మళ్ళీ చూడండి. ఎంత లేపినా లేవకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, మూతి ఒక పక్కకి జారినా ఇంట్లోవాళ్ళు వెంటనే 108కి ఫోను చేయాలి.

లేచాక మొహం చల్లటి నీళ్ళతో కడుక్కుని వెలుతురున్న చోటికి రండి, బాల్కనీ అయినా వరండా అయినా. వెలుతురు మత్తుని తొందరగా దించుతుంది. టీ సంగతి ఒక్కమాట. అందులోని కెఫీన్ అడినోసిన్‌కి అడ్డుపడుతుంది, 5 గంటలయ్యాక కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. రాత్రి నిద్ర పట్టనివాళ్ళు లేవగానే తాగే టీని మూడింటి లోపలికి తెచ్చుకోండి, లేదా ఆ పూటకి మజ్జిగ తాగండి.

ఈ వారం నోటుపుస్తకంలో రెండు గళ్ళు కొత్తగా గీయండి. ఒకటి, అలారం మోగాక ఎన్ని నిమిషాలకి నిలబడ్డారు. రెండు, నిలబడ్డప్పుడు తల తేలిగ్గా ఉందా, తూలిందా. 20 నిమిషాలే పడుకుని జాగ్రత్తగా లేచినా రోజంతా తూగు వదలనివాళ్ళు, రాత్రి గురక గట్టిగా పెట్టేవాళ్ళు, ఈమధ్యనే నిద్ర ఎక్కువైనవాళ్ళు పుస్తకం చివరి పేజీలో మీరు వేసుకునే మాత్రలన్నీ పేరుపేరునా రాసి ఉంచండి, జలుబు మాత్రలతో సహా. నాలుగో పాఠం ఆ పేజీతోనే మొదలవుతుంది.