పేషెంట్‌కి మానసిక పరీక్ష చేయడానికి కూర్చునే ముందు జాగ్రత్తలు

గుంటూరులో మా ఓపీకి ఎవరూ ఒంటరిగా రారు, వెంట అమ్మో బావగారో ఉంటారు. వాళ్ల మాటా వినండి, కానీ పేషెంట్‌తో విడిగా మాట్లాడాకే ఏదైనా రాయండి. ప్రాణాపాయం ఉంటే తప్ప మాట బయటికి పోదని ముందే చెప్పండి.

తలుపు వేయండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి.

గుండె దడగా ఉంది, నిద్ర పట్టడం లేదు అని చెబితే థైరాయిడ్, తాగుడు సంగతి కూడా చూడండి.

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒకసారి నేను మొహమాటపడి వదిలేశాను. ఆ మిర్చి రైతు తువ్వాలు అంచు నలుపుతూనే ఉన్నారు. గుమ్మం దాకా వెళ్లిన ఆయన్ని వెనక్కి పిలిచి అడిగితే ఏడ్చేశారు. ఇంట్లో పురుగుమందు ఎక్కడుందో అడగండి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండేలా చూడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 చీటీ మీద పెద్ద అంకెల్లో రాసివ్వండి.