ఫ్లాట్ కొనేముందు ఉమ్మడి వసతులకు విలువ కట్టడం ఎలా?

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలలో అమ్మకానికి వచ్చే అపార్ట్‌మెంట్ల కరపత్రాలలో జిమ్, ఈతకొలను బొమ్మలు ముందుంటాయి. జనరేటరు, నీళ్ల సంగతి అడుగున ఉంటుంది. విలువ కట్టేవారు కరపత్రాన్ని అడుగు నుంచి పైకి చదవడం మంచిది.

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుఫానులు వచ్చినప్పుడు ఇక్కడ చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు ఆడకపోతే పై ట్యాంకుకు నీరెక్కదు, నాలుగో అంతస్తులోని పెద్దవారు బిందెతో మెట్లెక్కలేరు. అందువల్ల జనరేటరు లిఫ్టునూ బోరు మోటారునూ కలిపి లాగగలదా, లేక మెట్ల దగ్గరి దీపాలకే పరిమితమా అన్నది ముందు తేల్చుకోవాలి. మెయిన్ ఆపించి, జనరేటరు వేయించి, మోటారు నడుస్తుండగానే లిఫ్టు ఎక్కి చూడండి. జనరేటరు ప్యానెల్ మీద అది మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు ఉంటే, ఆ అంకెను భవనం వయసుతో పోల్చండి. ఐదేళ్ల భవనంలో అది పది గంటలైనా దాటలేదంటే, డీజిలు పోయించేవారు లేరేమోనని అనుమానించవలసిందే.

తరువాతిది ఖర్చు. ఉదాహరణకు, 40 ఫ్లాట్లున్నచోట వాచ్‌మన్ జీతం, లిఫ్టు, కరెంటు, డీజిలు కలిపి నెలకు 60,000 రూపాయలైతే ఇంటికి 1,500 పడుతుంది. ఈతకొలనుకు మరో 20,000 చేరితే అది 2,000 అవుతుంది. ఉద్యోగరీత్యా విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటున్న పదిమంది యజమానులు చెల్లించడం మానేస్తే, మిగిలిన 30 ఇళ్ల మీద దాదాపు 2,670 చొప్పున పడుతుంది. కాబట్టి వసతుల లెక్కకన్నా బకాయిల లెక్క ముందు అడగాలి.

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి) చట్టం ప్రకారం మేడపైభాగం, మెట్లు, లిఫ్టులు, ఆరుబయటి పార్కింగు ఉమ్మడి ఆస్తి కిందికే వస్తాయి. మేడపైభాగం తనదేనని బిల్డరు అంటే, దస్తావేజులో ఏమి రాశారో న్యాయవాదికి చూపించాలి. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోని, లేదా ఎనిమిది ఫ్లాట్లు మించని ప్రాజెక్టుకు రెరా నమోదు నుంచి మినహాయింపు ఉంది గనుక, చిన్న భవనాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. నా మట్టుకు జిమ్‌కన్నా మేడపైభాగానికే ఎక్కువ విలువ కడతాను: వేసవిలో వడియాలు ఎండేది అక్కడే, సిరిమానోత్సవానికి వచ్చిన చుట్టాలకు చాపలు పరిచేదీ అక్కడే.

పాత ఫ్లాట్ కొంటున్నట్లయితే, రిజిస్ట్రేషనుకు ముందే బకాయిలు లేవని అసోసియేషన్ నుంచి సంతకంతో కూడిన పత్రం తీసుకోండి.